నెల్లూరు, ఒంగోలు తీరంలో షార్ట్‌వేవ్: మార్పు ఆకాశంలోనా, కరెంటు తీగలోనా?

నిన్న గట్టిగా పలికిన దూరదేశపు స్టేషన్ ఇవాళ వినపడకపోతే దానికి నాలుగు కారణాలు ఉండొచ్చు. ప్రసారం ఆగిపోయి ఉండాలి, లేదా ఫ్రీక్వెన్సీ మారి ఉండాలి. అయనోస్ఫియర్‌లో, అంటే రేడియో తరంగాలను వంచి కిందికి పంపే పై ఆకాశపు పొరల్లో, దారి మూసుకుపోయి ఉండాలి. దారి బాగానే ఉన్నా ఇంటి చుట్టూ గోల పెరిగి ఉండాలి. లేదంటే ఏరియల్ వైరో దాని జాయింటో పాడై ఉండాలి. వినేవాళ్లు ఎక్కువగా రెండోదాన్నే, అంటే ఆకాశంలోని దారినే, తప్పుపడతారు. మైపాడు నుంచి కొత్తపట్నం దాకా ఉన్న ఉప్పుగాలి ఊళ్లలో మాత్రం ముందు అనుమానించాల్సింది మూడోదాన్ని, ఇంటి చుట్టూ గోలను. ఈ రెండింటినీ విడదీయడం తెలిస్తే సగం పని అయినట్టే.

ముందు ఒక అపోహ సంగతి. "వాన పడుతోంది, అందుకే స్టేషన్ రావడం లేదు" అనే మాట షార్ట్‌వేవ్ విషయంలో నేరుగా నిజం కాదు. మబ్బులూ వానా పదిహేను, పదహారు కిలోమీటర్ల లోపే. షార్ట్‌వేవ్‌ను మింగే డి పొర 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులోనూ, వంచి కిందికి పంపే ఎఫ్ పొర 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులోనూ ఉంటాయి. చెన్నై ఎఫ్ఎమ్ కొన్ని రాత్రులు కావలిలో స్పష్టంగా వినిపించడం సముద్రం మీది గాలి పొరల చలవ. అది వాతావరణం పనే, కానీ షార్ట్‌వేవ్‌తో దానికి సంబంధం లేదు. వానతో వచ్చే మెరుపులు, తడిసిన ఇన్సులేటర్లు చేసే గోల వేరు. దాని గురించి తర్వాత.

పుస్తకాల్లోని సూత్రాలు మనకు ఎక్కడ సరిపోవు

షార్ట్‌వేవ్ గురించిన చేతిపుస్తకాలు చాలావరకు యూరప్, అమెరికాల్లో ఉండేవాళ్ల కోసం రాసినవి. నెల్లూరు 14.4 డిగ్రీల, ఒంగోలు 15.5 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మీద ఉన్నాయి. అంతకంటే ముఖ్యమైన విషయం, అయస్కాంత భూమధ్యరేఖ, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే గీత, మన దేశపు దక్షిణ కొస మీదుగా, తిరువనంతపురం దగ్గరగా వెళ్తుంది. 1963లో అక్కడి తుంబాను రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నది అందుకే. నెల్లూరు నుంచి ఆ రేఖ ఎంతో దూరం లేదు. ఈ దగ్గరితనం వల్లే మన సాయంత్రాలు లండన్‌లోనో షికాగోలోనో కూర్చుని రాసినవాడి సాయంత్రాల్లా ఉండవు.

పగలు ఈ రేఖ మీద పైకి లేచిన ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంబడి రెండు పక్కలకూ జారి దిగుతాయి. దాంతో సరిగ్గా రేఖ మీద సాంద్రత కాస్త తగ్గి, దానికి ఉత్తరాన, దక్షిణాన సుమారు 15 డిగ్రీల దగ్గర రెండు దిబ్బలు ఏర్పడతాయి. ఉత్తరపు దిబ్బ గుజరాత్, మధ్యప్రదేశ్, బెంగాల్ మీదుగా పడుతుంది. మధ్యాహ్నం తర్వాత ఇక్కడి నుంచి ఉత్తరానికో వాయవ్యానికో వెళ్లే దారి ఈ దిబ్బ మీద వంగుతుంది కాబట్టి, ఎండ ఏటవాలుగా పడే దేశాల వాళ్లు ఊహించని ఎత్తు ఫ్రీక్వెన్సీలు, 16, 13 మీటర్ల బ్యాండ్లు కూడా (మీటర్లు తరంగదైర్ఘ్యం; ఆ అంకె తగ్గేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది), మనకు తెరుచుకుంటాయి.

పగటిపూట లెక్క తేలికే. డి పొర మింగడం ఫ్రీక్వెన్సీ వర్గానికి విలోమంగా ఉంటుంది. అంటే 12 మెగాహెర్ట్జ్‌లో జరిగే నష్టం డెసిబెల్స్‌లో చూస్తే, 6 మెగాహెర్ట్జ్‌లో దానికి నాలుగింతలు. మధ్యాహ్నం పన్నెండుకు 49 మీటర్ల బ్యాండు ఖాళీగా ఉందని ఏరియల్ మార్చడం దండగ. అప్పుడు వెతకాల్సింది 25, 19, 16 మీటర్లలో. సూర్యుడు దిగాక డి పొర నిమిషాల్లో కరిగిపోతుంది. ఎఫ్ పొర రాత్రంతా నెమ్మదిగా పలచబడుతూ తెల్లవారుజామున, సూర్యోదయానికి కాస్త ముందు, అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది.

శ్రీలంక దారి: ఒక చిన్న లెక్క

నెల్లూరు నుంచి ట్రింకోమలి సుమారు 650, కొలంబో పరిసరాలు సుమారు 800 కిలోమీటర్లు. రేడియో సిలోన్ తెలుగు పాటలకు అలవాటుపడిన తరానికి 25, 41 మీటర్లు నోటికొచ్చిన సంఖ్యలు. అంత దగ్గరి స్టేషన్ కూడా కొన్ని వేళల్లో మాయమవడం ఎందుకో ఇలా చూడొచ్చు.

ఎఫ్ పొర 300 కిలోమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 800 కిలోమీటర్ల దారికి తరంగం మధ్యలో ఆ పొరను నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీల వాలుతో తాకుతుంది. నిలువుగా పంపితే తిరిగొచ్చే గరిష్ఠ ఫ్రీక్వెన్సీని, అంటే క్రిటికల్ ఫ్రీక్వెన్సీని, ఈ వాలుకు తగ్గట్టు 1.6తో గుణిస్తే ఆ దారిలో పనిచేసే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ వస్తుంది. సౌరచక్రం (సూర్యుడి మీది మచ్చలు సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గడం) ఉచ్చ దశలో మధ్యాహ్నం క్రిటికల్ 12 మెగాహెర్ట్జ్ ఉంటే పరిమితి 19కి చేరుతుంది. 25 మీటర్లు హాయిగా పలుకుతుంది. తెల్లవారుజామున క్రిటికల్ 4కు పడితే పరిమితి 6.4. అప్పుడు 7 మెగాహెర్ట్జ్ పైన ఉన్న 41 మీటర్ల తరంగం పొరను చీల్చుకుని పైకి పోతుంది. మనం స్కిప్ జోన్‌లో, అంటే తరంగం కిందికి దిగని మేరలో, పడతాం. అదే క్షణంలో అదే స్టేషన్ ఢిల్లీలోనో కాఠ్మాండూలోనో బాగా వినపడుతూ ఉండొచ్చు, ఎందుకంటే దూరం పెరిగితే వాలు పెరుగుతుంది, గుణకం మూడు దాకా పోతుంది. హైదరాబాద్ ఆకాశవాణి 4800 కిలోహెర్ట్జ్‌లో పలికిన రోజుల్లో, సౌరచక్రపు అడుగు దశలో తెల్లవారుజామున జిల్లాల్లో నీరసించడానికీ ఇదే కారణం. దూరం తక్కువ కాబట్టి గుణకం 1.2కు మించదు.

ఇందులో రెండు జాగ్రత్తలు. ఒకటి, లెక్కలోకి తీసుకోవాల్సింది వినేవాడి నెత్తిమీది ఆకాశం కాదు, దారి మధ్యబిందువు మీది ఆకాశం. రెండు, గరిష్ఠ పరిమితికి ఆనుకుని వినడం ప్రమాదం. దానిలో 85 శాతం దగ్గరున్న బ్యాండు రోజురోజుకీ నిలకడగా ఉంటుంది.

గడియారం ప్రకారం

తూర్పున ముందు తెల్లవారుతుంది కాబట్టి ఉదయం ఆరున్నర, ఏడు గంటలకే చైనా, జపాన్ వైపు స్టేషన్లు 19, 16 మీటర్లలో బలపడతాయి. అదే సమయానికి పడమటి దారి ఇంకా చీకట్లో ఉంటుంది. సూర్యోదయానికి ముందు అరగంట, తర్వాత ఇరవై నిమిషాలు ఆఫ్రికా, యూరప్ స్టేషన్లు 49, 41, 31 మీటర్లలో ఒక్కసారి పైకి లేచి పడిపోతాయి. మన చివరన డి పొర ఇంకా ఏర్పడకపోవడం దానికి కారణం. సాయంత్రం ఇది తలకిందులవుతుంది. ఇక్కడ పొద్దుగూకినా అరేబియా సముద్రం మీద ఇంకా ఎండ ఉంటుంది. అందుకే యూరప్ వైపు 25, 19 మీటర్లు ఇక్కడి చీకటి తర్వాత కూడా కొన్ని గంటలు తెరిచే ఉంటాయి. లండన్ సుమారు 8,200 కిలోమీటర్లు. ఎఫ్ పొర మీద ఒక్క గెంతులో దాటగలిగేది గరిష్ఠంగా 4,000. కాబట్టి కనీసం మూడు గెంతులు. అన్నింటిలో బలహీనమైనదే మొత్తం దారిని నిర్ణయిస్తుంది.

ఏడింటి వణుకు

మార్చి–ఏప్రిల్, సెప్టెంబరు–అక్టోబరు నెలల్లో, సౌరచక్రం ఉచ్చంలో ఉన్న ఏళ్లలో, సాయంత్రం ఏడు దాటాక స్టేషన్ బలం తగ్గకుండానే గొంతు వణకడం మొదలవుతుంది. స్టేషన్ బలాన్ని చూపే ఎస్-మీటరు ముల్లు పైనే ఉంటుంది, మాట మాత్రం గులకరాళ్లు వేసి పుక్కిలించినట్టు చెదిరిపోతుంది. సెట్టు పాడైందని దాన్ని మెకానిక్ దగ్గరకు మోసుకెళ్లేది ఇలాంటప్పుడే.

జరిగేది ఇది. సూర్యాస్తమయానికి అయస్కాంత భూమధ్యరేఖ మీది విద్యుత్ క్షేత్రం కాసేపు ఉధృతమై ఎఫ్ పొరను పైకి ఎత్తేస్తుంది. కింద డి పొర, దాని పైనుండే ఇ పొర కరిగిపోవడంతో దాని అడుగు అస్థిరమై, ఎలక్ట్రాన్లు పలచగా ఉన్న బుడగలు పైకి పొడుచుకుపోతాయి. ఈ గతుకుల్లోంచి వచ్చే తరంగం పదుల దారుల్లో చీలి, కొద్దికొద్ది ఆలస్యాలతో చేరి, సెకనుకు పలుమార్లు తనను తాను కొట్టేసుకుంటుంది. నెల్లూరుకు నైరుతిలో, తిరుపతి దగ్గరి గాదంకిలో ఉన్న 53 మెగాహెర్ట్జ్ రాడార్ చూసే విషయాల్లో ఈ గతుకులూ ఒకటి. సాధారణంగా అర్ధరాత్రికి సద్దుమణుగుతుంది. దక్షిణం నుంచి, రేఖను దాటుకుని వచ్చే స్టేషన్లకు దెబ్బ ఎక్కువ. రేఖకు దూరంగా, ఉత్తరాన సాగే దారుల్లో వచ్చేవాటికి తక్కువ.

దీన్ని ఏరియల్‌తో సరిచేయలేం. రిసీవర్‌లో ఎస్ఎస్‌బి, అంటే ప్రసారంలో ఒక్క పక్క భాగాన్నే వినే సదుపాయం, ఉంటే కొంత రాబట్టొచ్చు. ముందు ఏఎమ్‌లో, అంటే మామూలు పద్ధతిలో, స్టేషన్‌ను మధ్యకు తెచ్చి, ఎస్ఎస్‌బి నొక్కి, విజిల్ సన్నబడి లేకుండా పోయే చోటుకు 10 హెర్ట్జ్ అంచెలతో జరపాలి. తర్వాత యుఎస్‌బి (పై పక్క), ఎల్ఎస్‌బి (కింది పక్క) రెండూ విని పక్క స్టేషన్ రాపిడి తక్కువున్న వైపు ఉంచుకోవాలి. బ్యాండ్‌విడ్త్ 3 కిలోహెర్ట్జ్‌కు దించాలి. మాటను మోసే తరంగం, అంటే క్యారియర్, మాయమైనప్పుడు ఏఎమ్ డిటెక్టర్ చేసే పగులుడు శబ్దం దీంతో పోతుంది. వణుకు మిగులుతుంది గానీ మాట అర్థమవుతుంది. సెకన్ల తరబడి నెమ్మదిగా లేచి పడే మామూలు ఫేడింగ్‌కైతే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. పాటకు మాత్రం పనికిరాదు. 10, 20 హెర్ట్జ్ తేడాకే శ్రుతి పోతుంది.

సూర్యుడి మీది గోల

ప్రస్తుత 25వ సౌరచక్రం 2019 డిసెంబరులో మొదలై, సగటు మచ్చల సంఖ్య లెక్కన 2024 అక్టోబరులో శిఖరం చూసింది. వినేవాడికి రోజూ పనికొచ్చే అంకె 10.7 సెంటీమీటర్ల సౌర ప్రవాహం, అంటే ఆ తరంగదైర్ఘ్యంలో సూర్యుడి నుంచి వచ్చే రేడియో తరంగాల బలం. కెనడాలోని పెంటిక్టన్‌లో కొలుస్తారు. అది 70 దగ్గర ఉంటే చక్రం అడుగున ఉన్నట్టు, రాత్రికి 31, 41, 49 మీటర్లే గతి. 150 దాటితే 16, 13 మీటర్లు పగలంతా బతికి ఉంటాయి. ఒక్క రోజు అంకె చూసి బ్యాండు మార్చక్కర్లేదు. వారం సగటు చూడాలి.

సౌర జ్వాలల సంగతి వేరు. అవి వెదజల్లే ఎక్స్ కిరణాలు ఎనిమిది నిమిషాల్లో చేరి డి పొరను ఒక్కసారిగా దట్టం చేస్తాయి. ఎండ ఉన్న వైపు మాత్రమే. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు పోయి చివర తిరిగొస్తాయి. ఎత్తువి చివర పోయి ముందు తిరిగొస్తాయి. గుర్తుపట్టడానికి తిరుగులేని లక్షణం ఒకటుంది. స్టేషన్లతో పాటు బ్యాండు అడుగున ఉండే సన్నని గరగర కూడా తగ్గిపోతుంది, ఎందుకంటే దూరపు మెరుపుల గోలనూ డి పొర మింగేస్తుంది. సెట్టు చచ్చిపోయినట్టే ఉంటుంది. బ్యాటరీలు మార్చే ముందు అరగంట నుంచి గంట ఆగి చూడాలి. 2024 మే 14 నాటి ఎక్స్8.7 జ్వాల (ఎక్స్ అన్నిటికంటే పెద్ద తరగతి) మన గడియారంలో రాత్రి 10:21కి శిఖరానికి చేరింది. అంత పెద్దదైనా చీకట్లో ఉన్న మన వైపు డి పొరకు అది తగల్లేదు. కాబట్టి రాత్రి పూట స్టేషన్ పోతే వార్తల్లోని జ్వాల మీద నెపం వేయకూడదు.

అయస్కాంత తుపాను ఒకటి నుంచి మూడు రోజులు ఆలస్యంగా వస్తుంది, రోజుల తరబడి ఉంటుంది. 2024 మే 10–11 నాటి జి5 (అన్నిటికంటే తీవ్రమైన స్థాయి) తుపాను 2003 అక్టోబరు తర్వాత ఆ స్థాయిలో మొదటిది. ముందుగా తెగేది ఉత్తర అమెరికా దారి, ఎందుకంటే ఇక్కడి నుంచి అక్కడికి అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా వెళ్తుంది. ఆగ్నేయాసియా, తూర్పు ఆఫ్రికా దారులు చాలాసార్లు అలాగే నిలబడతాయి. భూమి అయస్కాంత క్షేత్రపు కలవరాన్ని 0 నుంచి 9 దాకా చూపే కె సూచిక 5కు చేరిన రోజున అమెరికాను వదిలేసి ఆ వైపులు వెతకడం తెలివైన పని. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 చూస్తున్నది ఈ జ్వాలలనూ, సౌరగాలినీ. పాత నెల్లూరు జిల్లా నేల మీద నుంచి లేచిన నౌక ఈ జిల్లా రేడియోలను కలవరపెట్టే వాటినే కాపు కాస్తోందనడంలో అతిశయోక్తి లేదు.

గోల: ఉప్పు, మంచు, రొయ్యల గుంటలు

ఇక అసలు సంగతి. ఎస్-మీటరులో స్టేషన్ 9, గోల 8 ఉన్న ఇంటికన్నా, స్టేషన్ 5, గోల 2 ఉన్న ఇల్లు నయం. ఉదయగిరి, మర్రిపూడి లాంటి మెట్ట ఊళ్లలో చిన్న సెట్టు బాగా పలకడంలో పెద్ద రహస్యం ఏమీ లేదు. తీగలు తక్కువ, ఉప్పు లేదు.

తీరంలో కరెంటు తీగల గోల రెండు రకాలు, రెండూ వాతావరణానికి ఎదురెదురుగా స్పందిస్తాయి. మొదటిది ఉప్పు గోల. జనవరి నుంచి వానల్లేని నెలల్లో సముద్రపు గాలి పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పూస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఏమీ కాదు. తెల్లవారుజామున మంచు పడి ఆ పూత తడిస్తే దాని మీద కరెంటు పాకి, ఎండిన పట్టీల దగ్గర సన్నగా మెరుస్తుంది. రేడియోలో 100 హెర్ట్జ్ బర్రుమనే మోత. ఎండ ఎక్కి ఎనిమిది, తొమ్మిది అయ్యేసరికి ఆగిపోతుంది. గట్టి వాన ఒకటి కడిగితే వారాల పాటు ఉండదు. ఈశాన్య రుతుపవనాల తర్వాత తీరం కొన్నాళ్లు ప్రశాంతంగా ఉండేది అందుకే. రెండోది వదులు బోల్టులు, క్లాంపుల మధ్య సందుల్లో పుట్టే నిప్పురవ్వ. అది పొడి గాలి రోజున, మధ్యాహ్నం, తీగలు ఊగినప్పుడు వస్తుంది. చినుకు పడగానే పోతుంది. ఏ వేళలో వచ్చి ఏ వేళలో పోతోందో వారం రోజులు రాసి చూస్తే ఏ రకమో తేలిపోతుంది. స్తంభం నంబరుతో సహా లైన్‌మన్‌కు చెప్పగలగాలంటే అది అవసరం. స్తంభాన్ని తట్టి చూడటం, స్టే వైరు లాగి చూడటం ప్రాణం మీదికి తెస్తాయి.

రొయ్యల గుంటల దగ్గర జనం ఏరియేటర్ మోటార్లను తిడతారు. మామూలు ఇండక్షన్ మోటారు పెద్దగా గోల చేయదు. చేసేది గట్టు వెంట తాత్కాలికంగా లాగిన తీగల్లోని మెలిపెట్టిన జాయింట్లు, ఉప్పుపట్టిన స్విచ్చులు, వేగం మార్చే డ్రైవ్‌లు. రాత్రంతా తిరిగే ఏరియేటర్లు కాబట్టి ఈ గోల సరిగ్గా బ్యాండ్లు బాగుండే వేళలోనే ఉంటుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ యంత్రాల డ్రైవ్‌లదీ అదే కథ, కాకపోతే పగటి కథ.

ఇంట్లోది పట్టుకోవడం తేలిక. సెట్టును బ్యాటరీల మీద పెట్టి, స్టేషన్ లేని చోట 31 మీటర్లలో ఉంచి, మెయిన్ స్విచ్ దించాలి. గోల పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. మెయిన్ వేసి ఒక్కో స్విచ్ వేస్తూ పోతే దొరుకుతాడు. చవక ఎల్ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, సెట్‌టాప్ బాక్స్ అడాప్టరు, ఇన్వర్టరు, ఈ నాలుగింటిలోనే ఎక్కువగా. వీటి గుర్తు 100 హెర్ట్జ్ బర్రు కాదు. డయల్ తిప్పుతుంటే సమాన దూరాల్లో గుట్టలు గుట్టలుగా వచ్చి, నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. మెయిన్ దించి, ఇన్వర్టరు కూడా ఆపినా గోల తగ్గకపోతే అది వీధిది.

మెరుపుల గరగర మూడో రకం. ఏప్రిల్, మే సాయంత్రాల గాలివానలు, అక్టోబరు–డిసెంబరు వాయుగుండాలు దగ్గరివి. రాత్రి ఇండొనేషియా వైపు మెరుపులు కూడా అదే ఎఫ్ పొర మీదుగా చేరతాయి. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ ఎక్కువ. అలాంటి రాత్రి 60 మీటర్లు వదిలి 25, 19కి ఎక్కడం తప్ప మార్గం లేదు. ఉరుము చెవికి వినిపించేంత దగ్గరైతే ఏరియల్ వైరు సెట్టు నుంచి పీకేసి ఇంటి బయటే ఉంచాలి.

తీగ గురించి కొంచెం

15 నుంచి 20 మీటర్ల ఇన్సులేషన్ ఉన్న రాగి తీగ, ఆరు మీటర్ల ఎత్తు, కరెంటు లైనుకు లంబంగా, దాని కింద నుంచీ మీద నుంచీ పోకుండా. ఇంటి వైపు చివర తీగను కేబుల్‌కు పొసగించే 9:1 ట్రాన్స్‌ఫార్మర్, దాని కింద నాలుగడుగుల ఎర్తు రాడ్, అక్కడి నుంచి కోయాక్సియల్ కేబుల్. టీవీకి వాడే ఆర్‌జీ-6 చాలు. తీగను నేరుగా గదిలోకి తెస్తే గదిలోని గోలనంతా అదే ఏరుకుంటుంది. ఒకే బ్యాండు ముఖ్యమైతే డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపిన రెండు సమాన భాగాల తీగ, మేలు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 9.6కు 14.9 మీటర్లు, 11.8కి 12.1 మీటర్లు. తాటిచెట్టుకు కట్టేట్టయితే కప్పీ వేసి బరువు వేలాడదీయాలి. లేకపోతే మొదటి గాలివానకే తెగుతుంది.

తీరంలో తీగ కంటే ముందు జాయింట్లు పోతాయి. పచ్చగా చిలుమెక్కిన జాయింటు డయోడ్‌లా పనిచేసి, లేని స్టేషన్లను సృష్టిస్తుంది. టంకం వేసి, రబ్బరు టేపు చుట్టి, ఏటా వానలకు ముందు విప్పి చూడాలి. చిన్న పోర్టబుల్ సెట్టుకు రాత్రిపూట 20 మీటర్ల తీగ తగిలిస్తే ఒకే స్టేషన్ నాలుగు చోట్ల పలుకుతుంది. అది సెట్టు ఉక్కిరిబిక్కిరి కావడం. వచ్చే సంకేతాన్ని తగ్గించే లోకల్ స్విచ్ వేయాలి, లేదా తీగను ఐదు మీటర్లకు కుదించాలి.

తేల్చుకునే పద్ధతి

చైనాలోని పుచెంగ్ నుంచి బీపీఎమ్ అనే కాలసూచిక స్టేషన్ 5, 10 మెగాహెర్ట్జ్‌లో రోజంతా, 15లో మన వేళ ప్రకారం ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం 2:30 వరకు సెకనుకో టిక్కు పంపుతుంది. నెల్లూరు నుంచి సుమారు 3,700 కిలోమీటర్లు, అంటే దాదాపు ఒక్క గెంతు. మధ్యాహ్నం 10, 15 వినపడి 5 వినపడకపోతే అంతా మామూలే. పగలు మూడూ పోయి గోల కూడా తగ్గితే సౌర జ్వాల. టిక్కులు గోలలో మునిగి వినపడకపోతే కరెంటు తీగ. టిక్కులు స్పష్టంగా ఉండి కావలసిన స్టేషన్ మాత్రమే లేకపోతే ప్రసార పట్టిక చూడాలి. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో అంతర్జాతీయ స్టేషన్లు ఫ్రీక్వెన్సీలు మారుస్తాయి. కొన్ని అసలే ఆగిపోయాయి. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో ముగిసింది.

రోజూ ఒకే వేళ, ఒకే ఫ్రీక్వెన్సీలో విని సిన్‌పో అంకెలు (స్టేషన్ బలం, పక్క స్టేషన్ రాపిడి, గోల, దారి, మొత్తం, ఈ ఐదింటికీ వేసే మార్కులు) రాసుకునేవాళ్లు ఐదింటినీ విడివిడిగా వేయాలి. అందులో ఎన్ గోలకు, పి దారి ఒడుదొడుకులకు. ఒక్క మొత్తం మార్కు వేసి ఊరుకుంటే రెండూ కలిసిపోయి ఆ పుస్తకం దేనికీ కొరగాదు. పక్కన సౌర ప్రవాహం, కె సూచిక, ఆ ఉదయం మంచు పడిందా, వాన ఎప్పుడు కురిసింది కూడా రాయాలి. సూర్యుడు భూమి వైపు నుంచి చూస్తే సుమారు 27 రోజులకొకసారి తిరుగుతాడు కాబట్టి, పి పడిపోయిన రోజుకు 27 రోజుల తర్వాత పేజీలో ముందే గుర్తు పెట్టుకోవచ్చు. చక్రం దిగుతున్న ఏళ్లలో ఈ పునరావృతి ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్ పడిపోయిన రోజులకు ఆ లెక్క కుదరదు. అవి పంచాంగాన్ని కాక మంచునూ, వాననూ, పక్క గుంటలో రొయ్య పిల్లలు వేసిన తేదీనీ అనుసరిస్తాయి.